వసారా గడియ

కెనడాలోని మానిటోబాలో, అమెరికా సరిహద్దు పక్కన ఫ్రీసెన్ల పొలం ఇల్లు. జనవరి మధ్యాహ్నం, మంచు తుఫాను. నేలమాళిగలో బట్టలుతికి పైకి వచ్చిన నెట్టీ, భర్త కార్నీతో.

“అది కాదు, వసారా తలుపుకి గడియ ఎందుకు వేశావని అడుగుతున్నా.”

“గాలికి కొట్టుకుంటోంది.”

“గాలి ఇవాళే పుట్టిందా? మీ నాన్న కాలం నుంచీ చలికాలంలో ఆ తలుపుకి గడియ వేసినవాళ్ళు లేరు. బండి కూరుకుపోయి ఎవరైనా వస్తారనేగా పొయ్యీ దుప్పట్లూ అక్కడ పెట్టేది.”

“పెట్టాం. క్రిస్మస్ ముందు ఏమైంది? దొంగతనంగా సరిహద్దు దాటొచ్చినవాడు ఆ దుప్పట్లోనే పడుకున్నాడు. పోలీసులు నన్ను సాయంత్రం దాకా కూర్చోబెట్టారు, వాడికి నువ్వేమవుతావని.”

“కాఫీ ఇచ్చి పంపించారుగా.”

“కాఫీ నీకిచ్చారు. నాకు ప్రశ్నలే.”

“సరే. వాకిట్లో దీపం కూడా ఆర్పేశావా?”

“పగలు దీపమెందుకు?”

“ఎదురుగా ఉన్న కొట్టం కనబడట్లేదు, పగలంట. సూసన్ ఫోన్ చేసింది.”

“ఏమంటుంది మీ మరదలు?”

“పీటర్ మన జనరేటర్ బాగుచేయించి తెస్తున్నాడట. పొద్దున్నే బయల్దేరాడట. రోడ్డు మీద మంచు తోసే అతను వాడి బండి చూశాడట, మన మలుపు దగ్గర గుంటలో. లోపల ఎవరూ లేరట. వింటున్నావా?”

“వింటున్నా.”

“కంగారు పడొద్దన్నా. మా తమ్ముడు కంచె తీగ పట్టుకుని మన వసారాకే వస్తాడు, చిన్నప్పుడు ఎన్నిసార్లు రాలేదు అన్నా. అలా అని ఫోన్ పెట్టేసి, వాడొచ్చాడేమో చూద్దామని వెళ్తే గడియ.”

“వేరే ఎవరింటికైనా వెళ్ళుంటాడు.”

“ఆ మలుపులో ఇంకెవరిల్లుంది? నేను కింద మిషన్ చప్పుడులో ఉన్నా. నువ్విక్కడే కూర్చున్నావు. ఎవరైనా వచ్చారా?”

“ఈ గాలిలో ఎవరొస్తారు?”

“కార్నీ.”

“తలుపు కొట్టినట్టయింది. ఒకసారి. కాసేపాగి ఇంకోసారి. మళ్ళీ అలాంటివాడే అనుకున్నా.”

“కిటికీలోంచి చూడొచ్చుగా?”

“అద్దం నిండా మంచు పేరుకుంది.”

“వాడేమైనా అన్నాడా?”

“నా బూట్లేవి? ముందు ఆ దీపం వెయ్యి నెట్టీ.”

“ఏమన్నాడు?”

“పేరు పెట్టి పిలిచాడు. రోడ్డు మీద మన ఉత్తరాల డబ్బా చూసి చదివుంటాడనుకున్నా.”

“ఏ పేరు పెట్టి?”

“కార్నీ అని.”

“డబ్బా మీద ఫ్రీసెన్ అని మాత్రమే ఉంది.”