కొన్న పసుపు

"అమ్మమ్మా, మా ఆయన ఈసారి వాగు పక్క నల్లరేగడిల పసుపు పెడ్తనంటుండు. నడుమ కాలువలు తీస్తే జాగ దండుగ అంటుండు. నువ్వేమంటవ్?"

ఏమంట బిడ్డ. మీ తాత గూడ గదే మాటన్నడు.

జర గీడ కూసో, చెప్త. నన్ను పెర్కిట్ కు ఇచ్చిన్రు. మా అవ్వగారిది వేల్పూర్. గప్పటికి పోచంపాడు కట్ట పని ఇంక సురువు కాలే... కాదు, సురువైనట్టే ఉండె. ఏమో, యాదికి లేదు. మా నాయినకు కాలు పడిపోయింది. ఇగ పసుపు చేసుడు మాతోని కాదని, మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఇంట్లున్న విత్తనం కొమ్ములన్ని బండికెత్తి నాకు పంపింది. ఒక్కటి దాసుకోలే. "నీ కాడ పండితే నా కాడ పండినట్టే" అన్నది. ఏటా ఆమె ఇంట్లకు పసుపు గూడ మా చేన్లకెల్లే పోయేది. గా కొమ్ము ఇరిస్తే లోపట అచ్చం గుడ్డుసొన రంగు. గిప్పటి కొమ్ములు గూడ ఇరిసి సూస్త నేను, గా రంగు యాడ కనపడది.

మా మామ ఉన్నన్ని దినాలు ఎర్రచెల్కల్నే పెట్టిండు, నీడకు నడుమ మక్కజొన్నలేసి. చెల్కల నీళ్ళు ఇంకిపోతయి, కొమ్ము సన్నగుంటది గని గట్టిగుంటది. మామ పోయినంక మీ తాత ఆర్మూర్ మార్కెట్ల బాల్కొండోళ్ళ కొమ్ములు సూసొచ్చిండు. రేగడిల పండినయట, బొటనేలంత లావు. ఇగ మనిషికి నిద్రపట్టలే. రేగడి మంచిదే బిడ్డ, కాదంటలేను. గని నీళ్ళను ఇడువది, పట్టుకొని కూసుంటది. గందుకే బాల్కొండోళ్ళు లోతుగ కాలువలు తీస్తరు. మీ తాత కొమ్ములే సూసిండు, కాలువలు సూడలే. ఉన్న కాలువలు గూడ పూడిపిచ్చి, అండ్ల ఇంకో రెండు సాళ్ళు పెట్టిండు. విత్తనమంత గా రేగడిలనే. "జరంత చెల్కల గూడ పెట్టు, మా అవ్వ విత్తనం" అన్న. "నీకేమెరుక" అన్నడు.

బతుకమ్మ పండుగ ముంగట ముసురు పట్టింది. ఇడుస్తదా అంటే ఇడువది. చేన్ల నీళ్ళు నిలబడ్డయి. తెరిపిచ్చినంక మీ తాత పార పట్టుకొని ఉరికిండు, కాలువలు తవ్విండు, ఏం ఫాయిదా. ఆకులు పండువారినయి. మొక్క గుంజితే చేతిలకే వచ్చింది, కిందంత కుళ్ళు వాసన. మీ తాత గా బురదల్నే కూలవడ్డడు. నాకు తిట్టబుద్ధి గాలే. మంచోడే పాపం, ఆశ, గంతే.

మా అవ్వ సూడనీకొచ్చింది. నడిసే వచ్చింది, బస్సుకిచ్చే అణాలు ఉప్పుకన్న అక్కరొస్తయని. గట్టు మీద నిలబడి, "విత్తనం మందమన్న ఎల్తదా బిడ్డ?" అన్నది. ఎల్లదవ్వా అన్న. తిట్టినా బాగుండు. మల్ల నడుసుకుంటనే పోయింది.

గా యాసంగి పంటకాలం దాటలే ఆమె. నాయిన ఉండంగనే పోయింది, పుణ్యస్త్రీ. ఒళ్ళంత పసుపు రాసి సాగనంపాలె. ఇంట్ల సిటికెడు లేదు. దుకాణంల పొట్లం కట్టిచ్చుకొచ్చిన్రు. రాస్తుంటె నా చేతులకు రంగే అంటలే. వాడకట్టు ఆడోళ్ళందరికి పసుపు పంచిన మనిషి ఆమె, బిడ్డ. కొన్న పసుపుతోని పంపిన. గది నాకు ఇప్పటికి...

పో, పొద్దు గూకుతుంది. మీ ఆయనకు చెప్పు, రేగడిలనే పెట్టుమను, మంచిగ పండుతది. కాలువలు మాత్రం తియ్యమను. విత్తనానికని ఒక్క సాలు చెల్కల గూడ పెట్టుమను. సల్లగుండున్రి బిడ్డ. మీ ఇంట్ల అందరికి మీ చేను పసుపే ఉండాలె, ఎన్నటికి...