గణేష్ కళ్ళతో చెప్పింది

విశాఖలో ఒక ఆసుపత్రి. లోపల నోట్లో గొట్టంతో ఇరవై రెండేళ్ళ గణేష్. బయట బల్ల మీద అతని అమ్మ నూకాలు, నాన్న జగ్గయ్య; యారాడలో చేపలు పట్టి బతికేవాళ్ళు.

“ఇంతకీ ఆడేటన్నాడే నూకాలు?”

“సెప్పేను కదా మావా.”

“మళ్ళీ సెప్పు.”

“ముందు టీ తాగు. సల్లారిపోతంది.”

“టీ తరవాత. డాక్టరమ్మ నీ ముందరే అడిగిందా?”

“నా ముందరే. గొంతుకి కన్నమెట్టి ఊపిరాడే మిషను తగిలిత్తాం, బతికున్నన్నాళ్ళూ తియ్యడం అవదు, నీకిష్టమేనా అని.”

“అడిగితే?”

“పైకి సూసేడు.”

“పైకేనా?”

“అవునంటే పైకి, వద్దంటే పక్కకి. నువ్వు నేర్పిందే కదా. వల దిగినంతసేపూ తెప్ప మీద నోరిప్పకూడదని కళ్ళతోటే అన్నీ సెప్పేవోడివి. మళ్ళీ నన్నడుగుతావేటి?”

“గుంటడు నడిసే రోజుల్లో ఆటకి నేర్పేను. ఇలగ పనికొత్తాదనుకున్నానా.”

“ఊరుకో మావా.”

“ఒళ్ళంతా సచ్చుబడిపోయింది. కళ్ళు మాత్తరం ఎప్పట్లాగే తిరుగుతన్నాయి. అదెలగే?”

“సెప్పింది కదా డాక్టరమ్మ. ఆడి కండలకి పుటకతోనే సిల్లులంట. కేల్షియం లోపలికి కారిపోతాదంట.”

“తెప్పలోకి నీళ్ళొచ్చినట్టు.”

“అదే. కాసింత వత్తేనే కండ కదుల్తాదంట. పని అయ్యేక బయటికి పోవాలి. నిలిసిపోతే కండని తినేత్తాది. కంటి కండలు వచ్చింది వచ్చినట్టు తోడేసుకుంటాయంట. అందుకే అవి మునగలేదు.”

“మరి నానేటి సేసేను? ఎముకల్లో బలం లేక పడిపోతన్నాడనుకున్నాను. నెత్తళ్ళ సేపలు ముళ్ళతోటే తినిపించేను. వద్దని ఏడిత్తే ముక్కు మూసి మింగించేను. కేల్షియం నానే పోసేనే.”

“తిండితో వచ్చేది కాదంట. అడిగేను.”

“నువ్వడిగేవా?”

“నువ్వడగలేవని అడిగేను.”

“మిషనెడితే ఇంటికి తీసుకెళ్ళొచ్చా?”

“తీసుకెళ్ళొచ్చంట. కరెంటు పోకూడదు.”

“గట్టిగా గాలేత్తే మనూర్లో కరెంటుంటాదా?”

“బేటరీ ఎడదాం. నాను పక్కనే కూకుంటాను. నాకింకేటి పని?”

“నూకాలు, ఇటు సూడు. పైకే సూసేడా?”

“ఎన్నిసార్లడుగుతావు? నమ్మకపోతే లోపలికెళ్ళి నువ్వే అడుక్కో.”

“అయితే ఎల్తాను.”

“ఉండు. పడుకున్నాడు.”

“పడుకోలేదు. అద్దంలోంచి కనిపిత్తన్నాడు, కళ్ళు తెరిసే ఉన్నాడు.”

“వద్దు మావా. ఎల్లకు.”

“ఎందుకు?”

“పక్కకి సూసేడు.”

“నూకాలు.”

“మళ్ళీ మళ్ళీ అడిగినా పక్కకే సూసేడు. డాక్టరమ్మకి మన సైగ తెల్దు కదా, ఏటన్నాడని నన్నడిగింది. ఒప్పుకున్నాడమ్మా అనేసేను. ఆడింటన్నాడని తెలిసే అనేసేను. తిట్టు మావా, ఏటైనా అను.”

“నానేటంటానే?”

“మరెందుకలగ గుచ్చి గుచ్చి అడిగేవు?”

“పొద్దున నువ్వు బట్టలకి ఇంటికెళ్ళినప్పుడు, డాక్టరమ్మ నా ముందర కూడా ఆడినడిగింది. వాళ్ళమ్మ ముందర ఇంకోసారి అడుగుతాను, ఇద్దరూ ఒకటే మాట సెప్తేనే మిషను అన్నాది. అప్పుడూ ఆడు పక్కకే సూసేడు. నానూ ఒప్పుకున్నాడనే సెప్పేను నూకాలు. నువ్వైనా నిజం సెప్తావనుకున్నాను.”