మెట్లు ఎక్కగలరా?

సింగపూర్ ఆసుపత్రిలో డాక్టరు పిలుపు కోసం ఆ దంపతులు ఎదురుచూస్తున్నారు. ఆయన బస్సు డ్రైవరు. ఆయన కండరాల జబ్బు ఎంత తగ్గిందో తెలుసుకునే ఫారం ఆమె నింపుతోంది.

“‘తల మీరే దువ్వుకోగలరా?’ అని అడిగారండీ.”

“ఇబ్బంది లేదని రాసెయ్.”

“పొద్దున దువ్వింది నేను కదా?”

“నిజం రాస్తే డ్యూటీ ఆపేస్తారే. బ్లడ్ రిపోర్ట్ బాగానే వచ్చిందిగా!”

“రిపోర్ట్ వచ్చి బస్సు నడుపుతుందా? సరే, ‘మెట్లు ఎక్కగలరా?’ అంట. దీనికీ ఇబ్బంది లేదనే రాయనా?”

“మొన్న యీషున్ సిగ్నల్ దగ్గర బ్రేకు మీదకి కాలు లేవలేదు. చేత్తో ఎత్తి పెట్టాను.”

“అయ్యో! బస్సులో జనం ఉన్నారా?”

“నిండా ఉన్నారు.”

“ఇప్పుడు చెప్పండి, ఏం రాయమంటారు?”

“పెన్ను ఇలా ఇవ్వు. ఎక్కలేనని నేనే రాస్తాను.”