ఫిట్స్ వేళ చేతిలో పెట్టిన తాళాలు

నా పేరు జ్యోతిరాణి, తండ్రి యాకోబు, వయసు ఇరవై నాలుగు, బీకాం చదివాను. ఉండేది వికారాబాద్. తాండూరులో బాల్‌రాజ్ గారి నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. గోదాంలో రెండు మోటార్లు పోయాయని, తాళం పగలలేదని, తాళాలు నా దగ్గరే ఉన్నాయని ఆయన నా మీద ఫిర్యాదు ఇచ్చారు. తాండూరు స్టేషన్‌లో ఎస్సై గారి ఎదుట ఈ వాంగ్మూలం నేనే రాసి ఇస్తున్నాను.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకు ఆఫీసులో బిల్లు రాస్తున్నాను. కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఫిట్స్ వచ్చే ముందు నాకు ఆ వాసనే వస్తుంది. పెన్నుకు మూత పెట్టాను. పెట్టినట్టే గుర్తు. ఆ తర్వాత గుర్తున్నది రైలు కిటికీ చువ్వ. మధ్యలోది నేను చూడలేదు. చూడనిది చూశానని రాయను.

అక్కడ ఊడ్చే ఎంకమ్మ ఫోన్‌లో ఇలా చెప్పింది: "నువ్వు కొట్టుకుంటుంటే సారే ఉరికొచ్చిండు బిడ్డా. ఇనుము పెట్టాలె, ఇనుము పెట్టాలె అనుకుంట మొలకున్న తాళాల గుత్తి గుంజి నీ చేతుల పెట్టిండు. తువ్వాల మడిచి నీ తల కింద పెట్టిండు. నేను నిన్ను రైలు కాడికి తోల్కపోయిన. గని సారు ముందట నన్ను అడగకు, పని పోతది."

ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టడం మా దగ్గర అందరూ చేసేదే. దానితో తగ్గవు. గుత్తిని సంచిలో ఎప్పుడు వేసుకున్నానో నాకు తెలియదు. ఇంట్లో మా అమ్మ రెబెక్క చూసి బయటికి తీసింది. బాల్‌రాజ్ గారికి ఫోన్ చేస్తే కలవలేదు. మంగళవారం పొద్దున్నే మొదటి రైలుకు వచ్చి ఇచ్చేశాను. అప్పటికే మోటార్లు లేవు. గోదాంకు రెండో గుత్తి కూడా ఉంది. దాని సంగతి ఎవరూ అడగలేదు.

"ఫిట్సా? స్కాన్ల ఏం లేదని నువ్వే కాయితం సూపిస్తివి. మరి గియ్యేడికెళ్లి వచ్చినయి? మస్తు నాటకం నేర్చినవ్ పో" అన్నారు బాల్‌రాజ్ గారు ఆ పొద్దున.

ఆ కాగితం నిజమే. పోయినేడాది తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ కనబడలేదు. ఉద్యోగం ఉంటుందని సంతోషంగా చూపించాను. ఈ ఏప్రిల్‌లో తీసిన ఎంఆర్‌ఐలో ఎడమ కణత లోపల మెదడులో కొంత భాగం కుంచించుకుపోయి, మచ్చ ఉన్నట్టు తేలింది. అది చూపించలేదు. కొన్ని మచ్చలు సీటీ స్కాన్‌కు అందవని, స్కాన్ బాగున్నా ఫిట్స్ రావచ్చని డాక్టరమ్మ చెప్పింది.

ఈ పొద్దున ఇక్కడికి తేవడానికి ఆ ఎంఆర్‌ఐ ఫిల్ము తీసుకుంటుంటే అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"పెండ్లి గావాల్సిన పిల్లవు. అందరికి నీ మెదడు సూపిస్తవానే?"

"దొంగ అంటే పెండ్లయితదా అమ్మా?" అన్నాను.

అమ్మ చెప్పులేసుకొని నా వెంట వచ్చింది. ఇప్పుడు బయట బెంచీ మీద ఉంది.

కాలు ఊపవద్దని ఎస్సై గారు రెండుసార్లు అన్నారు. ఇది ఫిట్స్ కాదు సార్, ఫికర్.

"దొంగతనం కేసుల మెదడు ఫోటో ఏందమ్మా?" అని స్టేషన్ రైటర్ గారు నవ్వారు. ఫిల్ము, రిపోర్టు ఇస్తున్నాను. ఆ మచ్చ నేను దొంగను కానని చెప్పదు. నాకున్న జబ్బు నాటకం కాదని మాత్రం చెబుతుంది. తాళాలు ఎవరిచ్చారో బాల్‌రాజ్ గారే చెప్పాలి. ఆయనను నా ఎదుట కూర్చోబెట్టి అడగండి. ఒక మనిషి మీద జాలి పడి తాళాలు చేతిలో పెట్టిన సంగతి ఆయన దాచాల్సిన పనిలేదు.

ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతితో రాశాను. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదనే రాశాను.

(సంతకం) వై. జ్యోతిరాణి