సముద్రంలో పోసిన ఐసు

తిత్లీ తుఫాను దాటిపోయిన మర్నాడు, పైన రేకు ఎగిరిపోయినా సరే, కళింగపట్నంలో పోతురాజు టీ బడ్డీ తెరిచాడు. మా అన్న ఎల్లాజీ బల్లెక్కి కూర్చున్నాడు. పక్కన నా కొడుకు ధనరాజు. హెచ్చరిక రాకముందే వేటకెళ్లిన ఇద్దరూ గాలి ముదిరేలోగా ఒడ్డెక్కారు. నేను ధనరాజు చొక్కా అంచు పట్టుకునే నిలబడ్డాను.

"తెల్లారగట్ల వల లాగే ముందు గంగమ్మకి దణ్ణమెట్టి, దోసిట్లో నీళ్లు తీసి పుక్కిలించినాను. అలవాటే కదా. సల్లగుండాల్సిన నీళ్లు గోరెచ్చగా ఉన్నాయి," అని మొదలెట్టాడు అన్న.

"నిజమేరా," అంది ఎండుచేపలమ్మే బుల్లమ్మ. "ఈ ఏడు ఒడ్డు కాడే అలాగున్నాది."

"గోరెచ్చగా అన్నానా? కాదప్పా, కాగిపోతన్నాయి! నాలిక బొబ్బలెక్కింది. రొయ్యలు ఎర్రగా ఉడికి తేల్తంటే ఏరుకుని తినీసినాం. టీపొడి ఉంటే ఈ పోతురాజుతో పనే లేదు."

"ఆ ఉప్పుటీ నువ్వే తాగు," అన్నాడు పోతురాజు.

"సెప్పనీ. తుపానుకి సముద్రం వేడంటే కల్లు. ఎంత తాగితే అంత రేగిపోతాది. మన తాతలనాడు మెల్లగా వచ్చీది, సామాను సర్దుకునీ టైముండీది. ఇప్పుడో? ఫైలిన్, హుద్‌హుద్, ఇప్పుడిది... పొద్దున్న పసిపిల్ల, రాత్రికి రాకాసి. మరి నేనేటి సేసినానో తెలుసా? సేపల పెట్టెలో ఐసంతా సముద్రంలో పోసీసినాను!"

"ఒక్క పెట్టెకేనా?"

"ఒక్క పెట్టెకే! సేపలు ఒణికిపోయినాయి. తుపానుకి మత్తు దిగి నీరసపడిపోయింది. ఆ తర్వాత ఏటైందో సూడండి, కొత్త వల ఇసిరినాను, పడ్డాది! సొరసేపలాగ గింజుకుంటంటే తాడు నడుముకి సుట్టుకుని, ఒంటిసేత్తో ఒరిస్సా కేసి ఈడ్సీసినాను. నేను లేకపోతే సాలూరు లారీలన్నీ ఎగిరొచ్చి మన రేవులో పడీవి!"

"మరి పలాస కాడ జీడితోటలన్నీ పడిపోయినాయే?" అన్నాడు పోతురాజు.

"ఆడ తాడు కొంచెం జారింది."

బుల్లమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఒరే ఎల్లాజీ, ఆ కొత్త వలేదిరా? బోటు సూసొచ్చాను. తాడు ముక్కే ఉన్నాది. కత్తితో కోసినట్టున్నాది."



"మావయ్యే కోసీసినాడు," అన్నాడు ధనరాజు. "నీళ్లు ఉమ్మీసి, తూరుపు కేసి సూసి, తర్వాత నా మొకం సూసినాడు. 'వల లాగుతా కూకుంటే తుపానుకి దొరికిపోతాం. మీయమ్మకేటి సెప్పాల్రా' అని కత్తి తీసినాడు. ఐసు పోసిందీ నిజమే, బోటు తేలికవ్వాలని. ఒడ్డుదాకా ఏడుస్తానే ఉన్నాడు."

"ఏడుపేటి? ఉప్పునీళ్లు కళ్లల్లో పడ్డాయి," అన్నాడు అన్న, ఇసుకలోకి చూస్తూ.



నేను చొక్కా అంచు వదిలాను. పోతురాజుని ఇంకో టీ పొయ్యమన్నాను. గ్లాసు అన్న చేతిలో పెట్టాను.

"అన్నియ్యా, ఆ ఐసు పోసిన కాడ్నుంచి మళ్లీ సెప్పు."

అన్న ముక్కు తుడుచుకున్నాడు.

"పెట్టొకటి కాదే సెల్లీ," అన్నాడు. "రెండు."