ఎనభై ఒకటి

జపాన్‌లో నలభై దాటినవాళ్లకు ఒళ్లు పెరిగిందేమోనని ఏటా ప్రభుత్వం చేయించే పరీక్ష. టౌన్ హాల్లో నర్సు ఇనోమాతా నడుముకు టేపు చుట్టింది.

"ఎనభై ఒక్క సెంటీమీటర్లు, ఇనోమాతా గారూ."

"హమ్మయ్య! ఎనభై అయిదు దాటితే మళ్లీ ఒళ్లు తగ్గించే మీ క్లాసుల్లో కూర్చోబెడతారని హడలి చచ్చాను."

"పోయినేడు తొంభై నాలుగు. ఏం చేశారు?"

"ఏమీ లేదమ్మా. రామెన్ నూడుల్స్ తినడం మానలేదు, సాకే తాగడం మానలేదు. అదృష్టం!"

"ఆకలేస్తోందా?"

"ఈమధ్య అంతగా లేదు. అదేంటి, మళ్లీ కొలుస్తున్నావు?"

"నిద్రలో చెమటలు పడుతున్నాయా?"

"నీకెలా తెలుసు? గట్టెక్కినట్టేగా నేను?"

"ప్రభుత్వం లెక్కలో గట్టెక్కారు. మా నాన్న కూడా ఇలాగే గట్టెక్కాడు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం."

"ఇప్పుడెలా ఉన్నాడమ్మా?"

"చొక్కా వేసుకోండి. ఆస్పత్రికి ఇప్పుడే వెళ్దాం, నేనూ వస్తాను."