సిరా పోయేదాకా

అలా వేలితో తడుముతూ కూర్చోకపోతే ఏదో ఒకటి అనొచ్చుగా తల్లీ? వచ్చి అరగంటైంది. అమ్మ గిటారు నీకే ఇస్తానన్నాను, ఇచ్చాను. బాగుచేసి మరీ ఇచ్చాను. మొహం అలా పెడతావేం?

మీటి చూడు. ఒక్క తీగైనా జర్రుమంటుందేమో చూడు. అనదు. ముప్పయ్యేళ్ళుగా మీ నాన్న ఈ బల్ల దగ్గర చేస్తున్న పని ఇదేగా.

ఇదిగో, తీగల కింద అడ్డంగా ఉన్న ఈ ఫ్రెట్ల కమ్మీలన్నీ ఈ పట్టీతోనే రుద్దాను. పాత కిటికీ ఫ్రేములోంచి కోసుకున్న అల్యూమినియం. కొట్లోవి చూడ్డానికే సొగసు, నడుమ వంకర. దీన్ని వంటగట్టు గ్రానైటు మీద రెండ్రోజులు రుద్ది తిన్నగా చేసుకున్నాను. గట్టు పాడుచేశానని మీ అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అడుగున సాండ్‌పేపర్ అంటించింది మాత్రం తనే. నేనంటిస్తే ముడతలొస్తాయట.

ఎన్నేళ్ళు అడిగిందో పాపం. 'మూడో ఫ్రెట్టు దగ్గర జర్రుమంటోందండీ, కాస్త చూడరూ' అని. చూస్తాలే అనేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళవన్నీ చూశాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ఇంట్లో వైద్యుడూ అంతే. చివరికి తను పోయాక నెల రోజులకి దీన్ని బల్ల మీదికి తీశాను.

తెలుసులే, నువ్వు వెతుకుతున్నదేంటో. ఆ గుంటలు. అమ్మ వేళ్ళు నొక్కి నొక్కి, తీగ కింద ఫ్రెట్లు అరిగిన చోట్లు. చిన్నప్పుడు నీ వేలు పట్టుకుని అక్కడే పెట్టించేది కదూ.

చూసుకోలేదు, పొరపాటైంది అని చెబుదామనుకున్నాను నీకు. అబద్ధం తల్లీ.

రుద్దే ముందు ఫ్రెట్ల నెత్తిన నల్ల సిరా పూస్తాం. ఎత్తుగా ఉన్నచోట పోతుంది, పల్లంలో మిగులుతుంది. మొత్తం పోయేదాకా రుద్దితేనే అన్నీ సమానమైనట్టు. నాలుగుసార్లు పట్టీ లాగేసరికి అంతా తెల్లబడింది. ఆ గుంటలే మిగిలాయి. తను వేలు పెట్టిన చోటల్లా ఒక్కో నల్ల చుక్క.

అక్కడ ఆపేయొచ్చు. కాస్త జర్రుమనేది, అంతేగా. చెయ్యి ఆగింది కూడా. స్టూలు మీద కూలబడి ఎంతసేపో చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు కోపమొచ్చిందమ్మా. నన్నొక్కణ్ణీ వదిలేసి పోయిన మనిషి, ఇలా అచ్చంగా చేతి గుర్తులు పెట్టి పోవడమేంటని. పట్టీ తీసుకుని మళ్ళీ రుద్దాను. ఒక్క చుక్క లేకుండా రుద్దాను.

ఇంత తిన్నగా నా జన్మలో ఎప్పుడూ రాలేదు తల్లీ.